పొరల శిలను నొక్కి పరీక్షించడం ఎలా: నమూనా తయారీ నుంచి పగులు చదవడం దాకా

"గట్టి పొర బలం 100 మెగాపాస్కల్స్, మెత్తటి పొర బలం 40. రెండూ సగం సగం అతికించి నొక్కితే 70 రావాలి కదా, 38 వచ్చింది. పైగా ముందు చీలింది గట్టి పొరే. ఎక్కడ తప్పు చేశాను?"

ఇలాంటి ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. చాలాసార్లు పరీక్షలో తప్పేమీ ఉండదు. సగటు తీయడమే తప్పు. పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు పైనుంచి వచ్చే లోడు మొత్తం ప్రతి పొర గుండానూ వెళ్తుంది, సగం సగం పంచుకోవడం ఉండదు. ఇక పగులు ఎక్కడ మొదలవుతుందన్నది పొరల బలాల కంటే అవి పక్కకు ఉబ్బే తీరులో ఉన్న తేడా మీద, వాటి మధ్య అతుకు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో అతుకు గురించే ఎక్కువ చెబుతాను.

ఒక మాట ముందే అనుకుందాం. లోడు నిలువుగా పడుతుంది. పొరలు అడ్డంగా ఉంటే వాలు 0 డిగ్రీలు, నిలువుగా ఉంటే 90 డిగ్రీలు. కొందరు లోడుకూ పొరకూ మధ్య కోణాన్ని రాస్తారు, అప్పుడు అంకెలు తిరగబడతాయి. మీ నోట్‌బుక్ మొదటి పేజీలో బొమ్మ గీసి పెట్టుకోండి.

1. ఏది మారుస్తున్నారో ముందు తేల్చుకోండి

మార్చగలిగేవి చాలా ఉన్నాయి: పొరల మందం నిష్పత్తి, పొరల సంఖ్య, వాలు, మెత్తటి పొర ఉన్న చోటు, అతుకు నాణ్యత, తేమ. ఒక వరుస నమూనాల్లో వీటిలో ఒక్కదాన్నే మార్చండి.

మెత్తటి పొర ఉన్న చోటును చాలామంది పట్టించుకోరు. ఆ పొర చివర ఉంటే నొక్కే యంత్రం ఉక్కు ప్లేటు ఘర్షణ దాన్ని పక్కకు ఉబ్బనివ్వదు. మధ్యలో ఉంటే ఆ పట్టు ఉండదు, పక్క పొరలే పట్టుకోవాలి. అవే పొరలు, అవే మందాలు, అయినా ఫలితాలు వేరు.

వాలు ప్రభావం చూడాలంటే 0, 15, 30, 45, 60, 75, 90 డిగ్రీలు తీసుకోవడం మామూలు. ఒక్కో కోణానికి కనీసం 5 నమూనాలు పెట్టుకుంటే 35 అవుతాయి. విడి పొరలకూ అతుకుకూ కావలసినవి వీటికి అదనం. అన్నిటికీ సరిపడా రాయి ఒకే బ్లాకు నుంచి దొరకదనుకుంటే కోణాలు తగ్గించండి కానీ, ఒక్కో కోణానికి నమూనాలు తగ్గించకండి.

2. ఒక్కో పొరనూ, అతుకునూ విడిగా కొలవండి

ఈ అడుగు దాటేసినవాళ్లే చివర్లో ఎక్కువ టెన్షన్ పడతారు. కలిపిన నమూనా ఒక్క అంకె ఇస్తుంది. దాన్ని విడదీసి అర్థం చేసుకోవాలంటే విడి అంకెలు ముందే చేతిలో ఉండాలి.

- ప్రతి పొర శిలకూ: సంపీడన బలం (నొక్కితే తట్టుకునే గరిష్ఠ లోడు), యంగ్ గుణకం (కుదించుకోకుండా నిలిచే బిరుసు), పాయిజన్ నిష్పత్తి (నిలువుగా కుదించుకున్నదానిలో ఎన్నో వంతు పక్కకు ఉబ్బుతుందో చెప్పే అంకె).
- ప్రతి పొర శిలకూ: తన్యత బలం, అంటే లాగితే తట్టుకునే బలం. డిస్కును అంచు మీద నిలబెట్టి వ్యాసం వెంట నొక్కే బ్రెజిలియన్ పరీక్ష సరిపోతుంది.
- అతుకుకు: డైరెక్ట్ షియర్ పరీక్షతో (అతుకు వెంట జార్చి చూసే పరీక్ష) సంసంజన (లంబ లోడు లేకున్నా అతుకు జారకుండా పట్టుకునే బలం), ఘర్షణ కోణం (లంబ లోడుతోపాటు జారుడు నిరోధం ఎంత పెరుగుతుందో చెప్పే కోణం). కనీసం మూడు వేర్వేరు లంబ లోడ్ల దగ్గర చేయండి.
- అన్నిటికీ: సాంద్రత, పరీక్ష రోజున తేమ.

తేమ రాసుకోవడం లాంఛనం కాదు. బంకమన్ను ఖనిజాలున్న షేల్ లాంటి శిల తడిస్తే బలం బాగా పడిపోతుంది. గట్టి పొర పొడిగా, మెత్తటి పొర తడిగా ఉన్న నమూనాను పొడి అంకెలతో పోల్చితే లెక్క కుదరదు.

3. నొక్కే ముందు కాగితం మీద లెక్క వేయండి

పావుగంట పని, కానీ ఏ పొర ముందు పగులుతుందో ముందే ఊహించడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. గట్టి పొర: యంగ్ గుణకం 40 గిగాపాస్కల్స్, పాయిజన్ నిష్పత్తి 0.20. మెత్తటి పొర: 8 గిగాపాస్కల్స్, 0.30. మందాలు సమానం. లోడు 30 మెగాపాస్కల్స్.

మొదటిది, పక్కకు ఉబ్బు. పాయిజన్ నిష్పత్తిని ప్రతిబలంతో (వైశాల్యంతో భాగించిన లోడు, ఇక్కడ 30) గుణించి యంగ్ గుణకంతో భాగించండి. రెండు పొరలూ విడిగా ఉంటే గట్టిది 150 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో 150 వంతులు) ఉబ్బాలి, మెత్తటిది 1125. ఏడు రెట్లకు పైగా తేడా.

కానీ అవి అతుక్కుని ఉన్నాయి. ఉబ్బాలనుకునే మెత్తటి పొరను గట్టి పొర పట్టి ఆపుతుంది, ఆపే క్రమంలో తాను పక్కకు లాగబడుతుంది. అంటే మెత్తటి పొరకు చుట్టూ నొక్కుడు దొరికి బలం పెరుగుతుంది. గట్టి పొరకు పక్క లాగుడు వచ్చి బలం తగ్గుతుంది. గట్టి పొర ముందు చీలడం వెనక ఉన్న కారణం ఇదే. గారతో కట్టిన ఇటుక గోడను నొక్కితే ఇటుకల్లో నిలువు చీలికలు వచ్చేదీ ఇందుకే.

రెండోది, ఆ లాగుడు ఎంత? పొరలు పలచగా ఉండి అతుకు జారకపోతే ఇలా లెక్కించవచ్చు. రెండు పొరల ఉబ్బు తేడా 975 మైక్రోస్ట్రెయిన్, అంటే 0.000975. దీన్ని రెండు పొరల (1 − పాయిజన్ నిష్పత్తి) ÷ యంగ్ గుణకం విలువల మొత్తంతో భాగించాలి. ఆ మొత్తం, గుణకాన్ని మెగాపాస్కల్స్‌లో తీసుకుంటే, 0.00002 + 0.0000875 = 0.0001075. జవాబు దాదాపు 9 మెగాపాస్కల్స్ లాగుడు.

గట్టి పొర తన్యత బలం 8 అనుకోండి. అప్పుడు లోడు 30 చేరకముందే, తన సొంత సంపీడన బలం 100లో మూడో వంతు కూడా రాకముందే, ఆ పొర నిలువుగా చీలే ప్రమాదంలో పడింది. పొరలు మందంగా ఉంటే ఈ లాగుడు అతుకు దగ్గరే ఎక్కువగా ఉండి దూరం వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. అప్పుడు మెత్తటి పొర మధ్యభాగం ముందు దెబ్బతిని, పగులు అక్కడినుంచి గట్టి పొరలోకి పాకడం ఎక్కువ. కాబట్టి పై 9ని గరిష్ఠ అంచనాగానే తీసుకోండి.

మూడోది, మొత్తం గుణకం. అడ్డ పొరలకు: ప్రతి పొర మందం వాటాను దాని గుణకంతో భాగించి, కూడి, తలకిందులు చేయండి. 0.5÷8 + 0.5÷40 = 0.075, తలకిందులు చేస్తే 13.3 గిగాపాస్కల్స్. నిలువు పొరలకు మామూలు సగటు: 24. యంత్రం ఇచ్చే గుణకం అడ్డ పొరల నమూనాకు 13.3 కంటే బాగా తక్కువ వస్తే అతుకు దగ్గర ఖాళీ ఉందనో, జిగురు మందంగా ఉందనో, చివరలు సరిగా ఆనలేదనో అనుమానించండి.

నిలువు పొరల్లో కథ మారిపోతుంది. రెండు పొరలూ ఒకేలా కుదించుకోవాలి కాబట్టి గుణకం ఎక్కువున్నది ఎక్కువ లోడు మోస్తుంది. 1000 మైక్రోస్ట్రెయిన్ దగ్గర గట్టిది 40 మెగాపాస్కల్స్, మెత్తటిది 8. అతుకు విడిపోతే మాత్రం పొరలు పలకల్లా విడివిడిగా వంగి విరుగుతాయి.

4. నమూనా తయారీ

మూడు దారులున్నాయి: సహజ పొరల బ్లాకు నుంచి కోర్ (డ్రిల్‌తో కోసిన గుండ్రటి స్తంభం) తీయడం, వేర్వేరు శిలల డిస్కులు అతికించడం, సిమెంటు ఇసుక మిశ్రమాలతో పోత పోయడం.

*సహజ బ్లాకు.* కోర్ తీసేటప్పుడు బ్లాకును కావలసిన కోణంలో గట్టిగా బిగించండి. డ్రిల్ వేగం తగ్గించి, ఒత్తిడి తేలికగా పెట్టండి. బలహీనమైన అతుకులు డ్రిల్ మెలికకే విడిపోతాయి. బంకమన్ను ఉన్న శిలకు నీటి బదులు గాలితో చల్లబరచడం మంచిది.

డ్రిల్లింగ్‌లోనే విరిగిపోయిన కోర్లు ఎన్నో తప్పకుండా రాసుకోండి. పదింటిలో ఆరు విరిగి నాలుగు మిగిలితే, మీరు పరీక్షించేవి బలమైన ఆ నాలుగే. వాటి సగటు ఆ బ్లాకు బలం కంటే ఎక్కువే చూపిస్తుంది.

కోర్ చేతికొచ్చాక వాలును మళ్లీ కొలవండి. బిగించిన కోణాన్ని నమ్మకండి. కోర్ చుట్టూ పొర గీత పైకి వెళ్లిన ఎత్తుకూ కిందికి దిగిన ఎత్తుకూ తేడా తీసి వ్యాసంతో భాగిస్తే అది వాలు కోణం టాన్ విలువ. 50 మి.మీ. కోర్‌లో తేడా 50 మి.మీ. ఉంటే 45 డిగ్రీలు.

*అతికించిన డిస్కులు.* ఇక్కడ డిస్కు ముఖాలు సమాంతరంగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. ఒక్కో డిస్కులో ఉన్న చిన్న వాలు నాలుగు డిస్కులయ్యేసరికి పేరుకుని నమూనా వంకరవుతుంది. ఎపాక్సీ జిగురును వీలైనంత పలచగా, గాలి బుడగలు లేకుండా రాసి, సమంగా బరువు పెట్టి ఆరనివ్వండి. మొదట్లో నేను జిగురు ఎక్కువ రాస్తే అతుకు గట్టిగా ఉంటుందనుకునేవాణ్ని. ఆ బ్యాచ్ మొత్తం పారేయాల్సి వచ్చింది, ఎందుకంటే రెండు శిలల మధ్య జిగురే మూడో మెత్తటి పొరగా పనిచేసింది.

జిగురు ప్రభావం తెలుసుకోవడానికి ఒక పోలిక నమూనా చేయండి. ఒకే శిల కోర్‌ను మధ్యకు కోసి, అదే జిగురుతో తిరిగి అతికించి నొక్కండి. కోయని కోర్ బలానికి దగ్గరగా వస్తే మీ అతికింపు పద్ధతి నమ్మదగ్గది. రాకపోతే మిగతావి అతికించకండి, ముందు పద్ధతి సరిచేయండి.

*పోత.* ఆరిన పొర మీద తడి మిశ్రమం పోస్తే కింది పొర నీళ్లు పీల్చేసి అతుకు పిండిగా మారుతుంది. కింది పొరను తడిపి, పైన నిలిచిన నీరు తుడిచి, ఆ తర్వాతే పోయండి. వాలు పొరల కోసం అచ్చును వంచి పోయడం కంటే, పెద్ద బ్లాకును అడ్డ పొరలతో పోసి 28 రోజులు ఆరాక వేర్వేరు కోణాల్లో కోర్ తీయడమే నాకు నచ్చిన పద్ధతి. అన్ని కోణాలకూ అతుకు ఒకటే అవుతుంది.

5. కొలతలు, చివరలు

అంతర్జాతీయ శిలా యాంత్రికశాస్త్ర సంఘం, అంటే ఐఎస్ఆర్ఎం, సూచించిన హద్దులు ఇవి. నమూనా యంత్రం మీదికి ఎక్కే ముందు ఒక్కొక్కటీ టిక్ పెట్టండి.

- వ్యాసం సుమారు 54 మి.మీ. లేదా ఎక్కువ, అతి పెద్ద రేణువుకు కనీసం 10 రెట్లు.
- ఎత్తు వ్యాసానికి 2.5 నుంచి 3 రెట్లు.
- చివరి ముఖాల చదును 0.02 మి.మీ. లోపు.
- చివరలు అక్షానికి లంబం: 50 మి.మీ.లో 0.05 మి.మీ. మించని తేడా.
- చివరలకు పూత, కాగితం, మరే పదార్థమూ వద్దు.

మెత్తటి పొర చివర్లో ఉన్నప్పుడు గ్రైండింగ్‌లో అంచులు రాలిపోతాయి. అంచు రాలిన నమూనాను పక్కన పెట్టేయడమే మేలు. దాన్ని వాడితే మూల నుంచి మొదలైన పగులును పొర ప్రవర్తన అని పొరబడతారు.

6. గేజ్‌లు ఎక్కడ అంటించాలి

మొత్తం నమూనాకు ఒకే జత గేజ్‌లు (సాగుడు, కుదింపు కొలిచే చిన్న పట్టీలు) పెట్టడం అన్నిటికంటే ఎక్కువ కనిపించే పొరపాటు. గేజ్ గట్టి పొర మీద ఉంటే నమూనా అసలు కదలనట్టు, మెత్తటి పొర మీద ఉంటే కూలిపోతున్నట్టు చూపిస్తుంది.

ప్రతి పొరకూ నిలువు గేజ్ ఒకటి, అడ్డ గేజ్ ఒకటి, ఎదురెదురు వైపుల రెండు జతలు పెట్టండి. ఎదురెదురు గేజ్‌లు వేర్వేరు అంకెలు చూపిస్తే లోడు వంకరగా పడుతోందని అప్పుడే తెలుస్తుంది. వీలైతే గట్టి పొరలో అతుకు పక్కనే ఇంకో అడ్డ గేజ్ అంటించండి. మూడో అడుగులో లెక్కించిన లాగుడు కంటికి కనిపించేది అక్కడే.

గేజ్ పొడవు రేణువు పరిమాణానికి 10 రెట్లు ఉండాలి, కానీ పొర దాటకూడదు. రెండూ కుదరనంత పలచటి పొరైతే గేజ్‌ల బదులు కెమెరా పద్ధతికి వెళ్లండి: పట్టకం ఆకారపు నమూనా చదునైన ముఖం మీద తెల్ల రంగు, నల్ల చుక్కలు వేసి, ఫొటోల పోలికతో వికృతి (సాగుడు, కుదింపుల మేర) కొలిచే పద్ధతి. పొరల నమూనాకు ఇది చాలా బాగా పనిచేస్తుంది.

7. నొక్కడం

1. గోళాకార సీటు (ప్లేటు నమూనా మీద సమంగా ఆనేలా తిరిగే గుండ్రటి ఆధారం) ఒక్కటే, పైవైపు. అది స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చేత్తో చూడండి.
2. చిన్న లోడు పెట్టి ఆనించి, గేజ్‌లన్నీ సున్నా చేయండి.
3. శిఖరం (నమూనా మోసే గరిష్ఠ లోడు) వరకే కావాలంటే సెకనుకు 0.5 నుంచి 1 మెగాపాస్కల్ చొప్పున పెంచవచ్చు. పగిలిన తర్వాతి ప్రవర్తన కూడా కావాలంటే కదలిక నియంత్రణే (లోడును కాక ప్లేటు కదిలే వేగాన్ని స్థిరంగా ఉంచడం) వాడండి. నమూనా ఎత్తులో ప్రతి 100 మి.మీ.కు నిమిషానికి 0.06 మి.మీ. మంచి మొదలు.
4. ప్రతి నమూనాకూ వీడియో పెట్టండి. చివరి ముక్కల్ని చూసి మొదటి పగులు ఏదో చెప్పలేం.
5. తునకలు ఎగురుతాయి. పారదర్శకమైన కవచం లేకుండా దగ్గరికి వెళ్లకండి.

పొరల నమూనా ఎందుకు హఠాత్తుగా పేలినట్టు పగులుతుందో కూడా తెలుసుకోండి. మెత్తటి పొర శిఖరం దాటి లోడు వదలగానే గట్టి పొర స్ప్రింగులా వెనక్కి సాగుతుంది, తనలో దాచుకున్న శక్తిని మెత్తటి పొరలోకి తోస్తుంది. గట్టి పొర యంత్రంలో భాగమైపోయినట్టే. యంత్రం ఎంత దృఢమైనదైనా ఈ శక్తిని ఆపలేదు. గనుల్లో బొగ్గు పొర, దాని పైకప్పు శిల కలిసి విస్ఫోటంలా కూలే సంఘటనల్ని చదివేవాళ్లకు ఈ పరీక్ష ముఖ్యం కావడానికి ఇదొక కారణం.

8. వాలు పొరలు, 75 డిగ్రీల ఉచ్చు

వాలు మధ్యస్థంగా ఉన్నప్పుడు శిల పగలదు, అతుకు జారుతుంది. శిలా యాంత్రిక శాస్త్రవేత్త జేగర్ 1960లో ఇచ్చిన సూత్రం ఇలా ఉంటుంది: జారే ప్రతిబలం = 2 × సంసంజన ÷ [(1 − టాన్ ఘర్షణ కోణం × కాట్ వాలు) × సైన్ రెట్టింపు వాలు].

సంసంజన 6 మెగాపాస్కల్స్, ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుంటే:

- 45 డిగ్రీల వాలులో 28.4
- 60 డిగ్రీల్లో 20.8, ఇదే కనిష్ఠం
- 75 డిగ్రీల్లో మళ్లీ 28.4
- 30 డిగ్రీలు, అంతకంటే తక్కువ వాలులో జారడం అసాధ్యం, శిల తనంతట తాను పగలాలి

కనిష్ఠం ఎప్పుడూ 45 + ఘర్షణ కోణంలో సగం దగ్గర వస్తుంది. మీ డైరెక్ట్ షియర్ అంకెలు పెట్టి ఈ వక్రాన్ని ముందే గీసుకోండి.

ఇప్పుడు ఉచ్చు. అతుకు తలం నమూనా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పూర్తిగా బయటపడాలంటే ఎత్తు కనీసం వ్యాసం × టాన్ వాలు ఉండాలి. 60 డిగ్రీలకు 1.73 రెట్లు చాలు. 75 డిగ్రీలకు 3.73 రెట్లు కావాలి! ఎత్తు 2.5 రెట్లున్న నమూనాలో 68 డిగ్రీలు దాటాక తలం ఉక్కు ప్లేటును తాకుతుంది, ప్లేటు దాన్ని జారనివ్వదు. కాబట్టి 75 దగ్గర సూత్రం కంటే ఎక్కువ బలం వస్తే సంతోషపడకండి. అది ప్లేటు ఇచ్చిన బలం. నివేదికలో ఆ మాట స్పష్టంగా రాయండి.

9. పగులును చదవడం

ముక్కల్ని వెంటనే తుడవకండి, టేపుతో చుట్టి ఫొటో తీయండి. తర్వాత వరుసగా ఈ ప్రశ్నలు వేసుకోండి.

- మొదటి పగులు ఏ పొరలో? అతుకు దగ్గరా, పొర మధ్యలోనా?
- గట్టి పొరలో పగులు నిలువుగా ఉందా? అలా ఉండి అతుకు దగ్గర వెడల్పుగా, దూరంగా సన్నగా ఉంటే పక్క లాగుడే కారణం.
- పగులు అతుకును సూటిగా దాటిందా, అక్కడ ఆగి పక్కకు తిరిగిందా? సూటిగా దాటితే అతుకు గట్టిది. మెట్లు మెట్లుగా ఉంటే అతుకు అక్కడక్కడా విడిపోయింది.
- విడిపోయిన తలం మీద మెత్తటి పొడి, గీతలు ఉన్నాయా? ఉంటే షియర్, అంటే జారడం. శుభ్రంగా, గరుకుగా ఉంటే తన్యత.

లోడు-వికృతి వక్రాల విషయంలో ఒక హెచ్చరిక. ఏకరూప పెళుసు శిలల్లో పగుళ్లు శిఖరంలో సుమారు 30 నుంచి 50 శాతం దగ్గర మొదలై, 70 నుంచి 80 శాతం దగ్గర అదుపు తప్పుతాయని అనుభవం. మొత్తం నమూనా ఘనపరిమాణ వక్రం (లోడు పెరిగేకొద్దీ ఘనపరిమాణం మారే తీరును చూపే గీత) నుంచి ఇవే హద్దులు తీయాలని చూడకండి. ఒక పొర ఉబ్బుతుంటే ఇంకొకటి కుదించుకుంటూ ఉంటుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి కప్పేస్తాయి. హద్దుల్ని పొర వారీగానే తీయండి.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిదిద్దే తీరు

*ఒకే రకం నమూనాల్లో బలం విపరీతంగా మారుతోంది.* ముందు అతుకుల్ని చూడండి. విడి శిలల ఫలితాలు దగ్గరగా ఉండి కలిపినవే చెదిరితే తప్పు అతికింపులోనే ఉంది.

*వక్రం మొదట్లో చాలాసేపు కిందికి వంగి ఉంది.* చివరలు సరిగా ఆనకపోవచ్చు, అతుకులో ఖాళీ ఉండొచ్చు. గేజ్ వక్రం నిటారుగా ఉండి ప్లేటు కదలిక వక్రం మాత్రమే వంగితే ఖాళీ పొరలో కాదు, అతుకులోనో చివరల్లోనో ఉంది.

*గుణకం లెక్క కంటే తక్కువ.* ప్లేటు కదలికలో యంత్రం సాగుడు కూడా కలిసి ఉంటుంది. ఉక్కు దిమ్మను నొక్కి ఆ సాగుడు కొలిచి తీసివేయండి.

*వాలు నమూనా పక్కకు ఒరిగి పడింది.* జారేటప్పుడు సీటు తిరిగిపోయింది. శిఖరం వరకు అంకెలు వాడుకోవచ్చు, ఆ తర్వాతవి వదిలేయండి.

*ఎప్పుడూ పైపొరే పగులుతోంది.* నమూనాను తలకిందులు చేసి ఇంకో రెండు నొక్కండి. అప్పుడూ పైదే పగిలితే సమస్య యంత్రంలో ఉంది. పగులు పొరతోపాటు కిందికి వస్తే అది ఆ పొర స్వభావం.